టైమింగు బెల్టు, నీటి పంపు: మన మోటారు బండ్ల చరిత్రలో ఒక అధ్యాయము

సిరిసిల్లలో మరమగ్గము నడచుచుండగా దగ్గర నిలిచి చూచినవారు మన శ్రోతలలో చాలమంది ఉందురు. ఆ చప్పుడులో ప్రక్కవారి మాట వినబడదు గాని, శ్రద్ధగా చూచినచో ఒక సంగతి కంటబడును. మగ్గమునకు పైభాగమున క్రాంకు ఇరుసు ఒకటి తిరుగుచుండును. దిగువను మరియొక ఇరుసు తిరుగుచుండును. పైది రెండు చుట్లు తిరిగినప్పుడు క్రిందిది సరిగా ఒక్క చుట్టు తిరుగును. పడుగు ఎప్పుడు విచ్చుకొనవలెనో, నాడె ఎప్పుడు ఎగిరి ఆవలికి పోవలెనో నిర్ణయించునది ఆ క్రింది ఇరుసే. ఆ లెక్క తప్పి నాడె ఆలస్యముగ బయలుదేరినచో, పడుగు మూసికొను వేళకు అది నడుమ చిక్కుకొని పోగులను గుంపులు గుంపులుగ తెంపివేయును. ఆ పోగులను అతుకుటకు నేతకార్మికునికి పూట గడచిపోవును. ఆ పూట కూలియు పోవును.

మోటారు కారు ఇంజనులో జరుగునదియు ఇదియే. 1876లో జర్మనీ దేశస్థుడగు నికోలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజనును నడపి చూపినది మొదలు నేటివరకు ఈ లెక్క మారలేదు. పిస్టనుల చేత త్రిప్పబడు క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి, వాల్వులను తెరచి మూయు క్యాముషాఫ్టు ఒక్క చుట్టు తిరుగవలెను. 'టాపెట్' అను మాట మగ్గము బాగుచేయువారి నోటను, మోటారు మేస్త్రీల నోటను వినబడును. వృత్తులు వేరైనను యంత్రధర్మ మొక్కటే. మగ్గములో లెక్క తప్పినచో పోగులు తెగును. ఇంజనులో లెక్క తప్పినచో పైకి వచ్చు పిస్టను ఇంకను మూసికొనని వాల్వును గ్రుద్దును, వాల్వు వంగును, హెడ్డు విప్పవలసి వచ్చును. అన్ని ఇంజనులలోను పిస్టనునకు వాల్వునకు ఇంత ఇరుకుగ ఉండదు. కాని నేడు రోడ్డుపై తిరుగు కార్లలో చాలవాటికి ఈ ప్రమాదము కలదు.

ఈ రెండు షాఫ్టులను ఒక లెక్కకు కట్టి ఉంచునది ఏది? అది తెగిపోవుటకు ముందు యజమానికి ఏదైన సూచన ఇచ్చునా? మొదటి ప్రశ్నకు సమాధానము తరతరమునకు మారుచు వచ్చినది. దానితోపాటు రెండవ ప్రశ్నకు సమాధానమును మారినది. ఈ రెండవ మార్పును మన జిల్లాలవారు తగినంతగ గుర్తింపలేదని మా అభిప్రాయము.

ఉత్తర తెలంగాణమునకు యంత్రముతో నడచు బండి మొదట రైలు రూపమున వచ్చెను. కాజీపేట - బల్హార్షా మార్గము 1929లో పూర్తియైనప్పుడు పెద్దపల్లి, రామగుండము, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు మొదలగు ఊళ్లు మద్రాసు - ఢిల్లీ దారిలో చేరినవి. కరీంనగరము మాత్రము ఆ దారికి దూరముగ ఉండిపోయెను. ఆ పట్టణమునకు రైలుబండి వచ్చుటకు ఈ శతాబ్దారంభము వరకు వేచియుండవలసి వచ్చినది. నిర్మలు సంగతి చెప్పనక్కరలేదు. గనులకు పోవలెనన్నను, కచేరీకి పోవలెనన్నను, వేములవాడ రాజన్న దర్శనమునకు పోవలెనన్నను రోడ్డుబండియే దిక్కు.

నిజాం ప్రభుత్వము 1930లో రైల్వేను కంపెనీ చేతినుండి తన స్వాధీనము చేసికొనెను. 1932 జూన్ 15వ తేదీన ఆ రైల్వేకు అనుబంధముగ రోడ్డు రవాణా శాఖ ఏర్పడెను. నాడు దానికి ఉన్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. స్కాట్లండులో తయారైన ఆల్బియను బండ్లు ఆ కాలపు గుర్తు. ఆ శాఖయే 1951లో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగ మారి, రాష్ట్రవిభజన పిమ్మట తెలంగాణ సంస్థయైనది. బస్సుల చరిత్ర మన విషయము కాదు. అయితే మోటారు పని ఈ ప్రాంతమున ఒక వృత్తిగ వేళ్లూనినది ఆ కాలముననే. పుస్తకము చదివి కాక, పెద్దవారి ప్రక్కన నిలిచి, పానాలు అందించుచు, దెబ్బలు తినుచు నేర్చిన విద్య అది. మన జిల్లాలలో నేటికిని పెద్ద మెకానిక్కును ఉస్తాదని పిలుచుట కలదు.

ఆ ఉస్తాదు విద్యకు మూలము చెవి. పాత ఇంజనులలో క్రాంకునకు క్యామునకు నడుమ ఇనుప పళ్లచక్రములో, ఇనుప గొలుసో ఉండెడిది. ఆదిలాబాదు అడవిదారులలో తిరిగిన జీపులకును, కలెక్టరు మొదలు కిరాయి డ్రైవరు వరకు అందరును ఎక్కిన అంబాసిడరునకును, ఫియటు కారునకును ఇదే పద్ధతి. ఆ గొలుసు నూనెలో మునిగి తిరుగును. సంవత్సరముల తరబడి తిరిగి కొంత సాగినప్పుడు, ఉదయమున బండి స్టార్టు చేయగనే ముందుభాగమున గలగల శబ్దము పుట్టును. ముసలి గొలుసు నెలల తరబడి మొఱపెట్టుకొన్న పిమ్మట గాని తెగదు. బానెటుపై చేయివేసి, తల వంచి, కన్నులు మూసికొని వినెడు మేస్త్రీ ఆ మొఱను గుర్తుపట్టి, "ఇంకొక పంటకాలము నడచును, తరువాత మార్పించుము" అని చెప్పగలిగెడివాడు. ఆ మాట సాధారణముగ తప్పెడిది కాదు.

ఇక నీటి సంగతి. ఇంజనులో పెట్రోలు మండగా పుట్టిన వేడిమిలో కొంతభాగమే చక్రములను త్రిప్పును. మిగిలిన దానిని బయటికి పంపనిచో ఇనుము పట్టివేయును. 1886లో పేటెంటు పొందిన కార్లు బెంజి బండిలో నీరు కాగి ఆవిరియై పోవుచుండెడిది. డ్రైవరు మరల పోయుచుండవలెను. 1900 ప్రాంతమున విల్‌హెల్ము మేబాకు తేనెపట్టు గదులవంటి రేడియేటరును రూపొందించి మెర్సిడెస్ బండికి అమర్చెను. నీటిని రేడియేటరులో చల్లార్చి మరల ఇంజనులోనికి పంపుట అప్పటినుండి స్థిరపడినది.

ఆ నీటిని ఎవరు త్రిప్పవలెను? మన వంటింటిలో ఎసరు కాగునప్పుడు చూడుడు. అడుగున వేడెక్కిన నీరు నడుమనుండి పైకి లేచును. పైన కొంత చల్లారినది అంచులవెంట క్రిందికి దిగును. ఎవరును కలుపకయే నీరు తనంత తాను తిరుగును. ఫోర్డు సంస్థ 1908లో మోడల్ టి కారును తెచ్చినప్పుడు మొదటి 2,500 బండ్లకు నీటి పంపు పెట్టెను. పిమ్మట దానిని తీసివేసి, ఎసరు ధర్మమునే నమ్ముకొనెను. లేని భాగము చెడిపోదు గదా! పల్లెటూరి రైతులకు అది మేలుగనే ఉండెను. కాని ఇంజనుల బలము పెరిగినకొలది ఈ మందగతి ప్రవాహము చాలకపోయెను. పూర్తి బరువుతో, మొదటి గేరులో, ఎండవేళ ఘాటు ఎక్కు బండికి నీరు త్వరత్వరగ తిరుగవలెను. అందుచేత పంపు మరల వచ్చి, ఇంజను ముందుభాగమున ఫ్యానుతోపాటు ఒకే ఇరుసుపై స్థిరపడెను.

నిర్మలు దాటి ఆదిలాబాదు పోవు దారిలో మహబూబు ఘాటు కలదు. ఘాటు ఎక్కబోవు ముందు బండి నిలిపి రేడియేటరు నింపుకొనుట, క్యాన్వాసు సంచిలో నీరు ముందు వ్రేలాడగట్టుకొనుట, ఎక్కిన పిమ్మట మూత తీయుటకు తొందరపడి చేయి కాల్చుకొనుట పాతతరము డ్రైవర్లకు అలవాటైన సంగతులు. రామగుండము వైపున వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుట కలదు. అట్టిచోట నీటి పంపు చెడినచో దాచుకొనలేదు. కారిన నీరు నేలపై కనబడును, లేదా ఇరుసు కీచుమనును. ఫ్యాను బెల్టు తెగినచో చార్జింగు దీపము వెలుగును. డ్రైవరు సీటు క్రిందినుండి మరియొక బెల్టు తీసి చెట్టు నీడను బిగించుకొని సాగిపోవును. కాలమునకు చెవి, నీటికి కన్ను: ఈ రెండు సాక్షులతో మన మోటారు లోకము దాదాపు 50 సంవత్సరములు నడచినది.

ఈ ఏర్పాటును తలక్రిందులు చేసినది ఒక రబ్బరు బెల్టు. దాని పుట్టుక మోటారు కార్ఖానాలో కాదు, కుట్టుమిషనులో. శ్రోతల ఇండ్లలోని కుట్టుమిషనును ఒకసారి తలచుకొనుడు. సూది క్రిందికి దిగి, కొంచెము పైకి లేచునప్పుడు దారము చిన్న ఉచ్చుగ ఏర్పడును. సరిగా ఆ క్షణముననే క్రిందనున్న కొక్కెము వచ్చి ఆ ఉచ్చును పట్టుకొనవలెను. లేనిచో కుట్టు పడదు. పైనున్న షాఫ్టును, క్రిందనున్న షాఫ్టును చప్పుడు లేకుండ జోడించుట ఎట్లను ప్రశ్నకు 1940ల దశకమున అమెరికాలోని గిల్మరు కంపెనీకి చెందిన రిచర్డు కేసు ఒక ఉపాయము కనిపెట్టెను. బెల్టు లోపలివైపున పళ్లు తీర్చి, అవి చక్రపు పళ్లలో కూర్చొనునట్లు చేసెను. సింగరు మిషనులకై పుట్టిన ఉపాయమది. మన రైసుమిల్లుల పాత తోలుపట్టా జారినచో నష్టము లేదు. రాయి కొంత నెమ్మదిగ తిరుగును, అంతే. ఈ పళ్ల బెల్టు జారరాదు; జారకుండుటయే దాని ఉద్యోగము.

దానిని పెద్దయెత్తున కారు ఇంజనులో పెట్టినది జర్మనీలోని గ్లాస్ సంస్థ, 1962లో, 1004 అను చిన్నకారునందు. ఆ సంస్థ మొదట విత్తనములు విత్తు యంత్రములను చేసినది. వ్యవసాయ పనిముట్ల వారి ఇంటనుండి ఇట్టి మార్పు వచ్చుట మాకు ముచ్చటగ తోచినది. 1966లో ఫియటు సంస్థలో ఆరేలియో లాంప్రెడీ రెండు క్యాముషాఫ్టుల ఇంజనునకు ఈ బెల్టును అమర్చెను. తరువాత అది ప్రపంచమంతట వ్యాపించెను. కారణము స్పష్టము. క్యాముషాఫ్టు హెడ్డుపైకి ఎక్కినప్పుడు దూరము పెరిగినది. అంత పొడవు గొలుసునకు ఖర్చెక్కువ, చప్పుడెక్కువ, నూనె కావలెను. బెల్టునకు నూనె అక్కరలేదు, చప్పుడును లేదు.

మన దేశమున ఈ బెల్టును సామాన్యుని ఇంటికి తెచ్చినది 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సి.సి., హెడ్డుపై క్యాముషాఫ్టు, దానిని త్రిప్పుటకు బెల్టు. 1998లో హ్యుందాయి సాంట్రో, టాటా ఇండికా ఒకే సంవత్సరమున వచ్చినవి. రెండును బెల్టు బండ్లే. 2007లో వచ్చిన మహీంద్రా రెనో లోగను డీజిలులో ఆ బెల్టే నీటి పంపును గూడ త్రిప్పును. అంతవరకు బయటనుండి కంటబడుచుండిన పంపు ఇట్టి ఇంజనులలో ప్లాస్టికు మూత వెనుకకు చేరెను. చప్పుడు చేయని బెల్టు, కంటబడని పంపు! ఉస్తాదు నమ్ముకొన్న రెండు సాక్షులును ఒకే మారు మూగవోయినవి.

బెల్టు తెగుటకు ముందు ఏమియు చెప్పదు. ఇది మేము ఎంత గట్టిగ చెప్పినను చాలదు. రబ్బరు లోపల గాజునారల త్రాళ్లుండును. వేడికి, కాలమునకు అవి లోలోపల బలహీనమగును. బండి నడచినను, నడవక షెడ్డులో నిలిచినను వయస్సు ఆగదు. అందుచేతనే తయారుచేయువారు కిలోమీటర్ల లెక్కతోపాటు సంవత్సరముల లెక్కయు ఇత్తురు. బండినిబట్టి 60 వేల కిలోమీటర్లు మొదలు లక్షయు, అంతకు మించియు ఉండును; ఆయా బండి పుస్తకములో చూచుకొనవలెను. ఈ రెండింటిలో ఏది ముందు వచ్చిన అదియే గడువు.

మన జిల్లాలకు చిక్కు ఇక్కడనే వచ్చినది. 2010లో కొత్త కాలుష్య నియమములు వచ్చినప్పుడు హైదరాబాదుతో సహా పెద్ద నగరములలో మారుతి 800 అమ్మకము నిలిచిపోయెను. ఇతర ప్రాంతములలో 2014 వరకు సాగెను. నగరములలో వాడిన బండ్లు రెండవ చేతికి, మూడవ చేతికి మారుచు జగిత్యాల, మంచిర్యాల, ఆసిఫాబాదు దారులు పట్టినవి. బండి వచ్చును, సర్వీసు పుస్తకము రాదు. మీటరు అంకె నిజమో కాదో చెప్పుట కష్టము. కొనువారు టైర్లు చూతురు, రంగు చూతురు, ఇంజను చప్పుడు వినుటకు ఉస్తాదును వెంట తీసికొని పోవుదురు. ఇంజను చప్పుడు బాగుగనే ఉండును; తెగుటకు సిద్ధమైన బెల్టు గల బండియు కొత్తబండివలెనే పలుకును.

మా పరిచయస్థులలో ఒకరు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, అట్టి కారు నొకదానిని కొనిరి. కుమార్తెను కాన్పుకు పుట్టింటికి తీసికొని వచ్చుచుండగా ఘాటు నడుమ బండి ఒక్క పెట్టున నిలిచిపోయెను. పొగ లేదు, శబ్దము లేదు. మరల స్టార్టు చేయబోగా మోటారు తేలికగ గిఱ్ఱున తిరిగినది గాని ఇంజను అందుకొనలేదు. ఆ తేలికతనమే గుర్తు: వాల్వులు వంగి, గాలి నొక్కుడు లేకపోయినది. చీకటి పడు వేళకు ఒక లారీవారు దయతలచిరి. తల్లియు బిడ్డయు క్షేమము. కాని హెడ్డు పనికైన ఖర్చు ఆయన కారునకు పెట్టిన వెలలో పెద్దభాగమే. బెల్టు వెల దానిముందు లెక్కలోనికి రాదు. బండి కొన్నప్పుడు 'బెల్టు చూచితిరా' అని ఆయన అడిగియే ఉండిరి. మెకానిక్కు ఫ్యాను బెల్టు చూచి బాగున్నదనెను. ఒకే మాట రెండు వస్తువులకు వాడుటవలన కలిగిన అనర్థమిది. టైమింగు బెల్టు అని పేరుతో అడుగవలెను.

బెల్టు మార్చునప్పుడు పంపు ఎందుకు మార్చవలెనని చాలమంది తగాదా పడుదురు. పంపు ఇంకను పనిచేయుచున్నది గదా అందురు. మేస్త్రీ డబ్బు గుంజుచున్నాడను అనుమానము సహజమే. అయినను ఈ విషయమున మేము మేస్త్రీ పక్షము. పంపు బెల్టు మూత వెనుకనున్న ఇంజనులో, పనియంతయు విప్పుటలోను బిగించుటలోను ఉన్నది. వస్తువు వెల స్వల్పము. పాత పంపు ఆరు నెలలకు కారినచో ఆ కూలి మరల ఇచ్చుకొనవలెను. అంతకు మించిన కారణము మరియొకటి కలదు. పంపు ఇరుసుచుట్టు ఒక సీలు, దాని వెనుక ఒక బేరింగు ఉండును. సీలు అరిగినప్పుడు నీరు బేరింగులోనికి పోకుండ బయటికి వచ్చుటకు చిన్న రంధ్రము విడిచియుందురు. ఆ రంధ్రమునుండి కారిన కూలెంటు కొత్త బెల్టుపై పడినచో రబ్బరు పాడగును. బెల్టే పంపును త్రిప్పు ఇంజనులో బేరింగు పట్టివేసినచో బెల్టు పళ్లు ఊడిపోవును. కొత్త బెల్టునకు పాత పంపు శత్రువగుట ఇట్లు. బెల్టును బిగువుగ పట్టియుంచు టెన్షనరు రాటయు వీటితోడిదే. దానిని మరచిన పని సగము పనియే.

ఇందుకు మారుగ, అక్కరలేని ఖర్చును గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఇటీవలి కార్లలో గొలుసు మరల వచ్చినది. స్విఫ్టు డీజిలు, 2010 నాటి ఆల్టో కె10 మొదలైనవి గొలుసు బండ్లే. వాటికి టైమింగు బెల్టు మార్చితినని రసీదు వ్రాసి ఇచ్చిన షెడ్డు ఒకటి మా ఎరుకలోనున్నది! బండి గొలుసుదో బెల్టుదో ముందుగ తెలిసికొనుడు.

పని జరుగు తీరు చూచుటకు వేడుకగనే ఉండును. ముందు బ్యాటరీ తీగ విప్పుదురు. నీరు దింపుదురు. బయటి బెల్టులు, క్రాంకు పుల్లీ, మూత తీసిన పిమ్మట నల్లని బెల్టు బయటపడును. క్రాంకును త్రిప్పి, మొదటి సిలిండరు పిస్టనును పైకొసకు తెచ్చి, క్రాంకుపైని గుర్తును క్యాముపైని గుర్తును వాటి వాటి గీతలకు ఎదురుగ నిలుపుదురు. గుర్తులు చూడక బెల్టు ఊడదీసినవాడు ఎంత అనుభవశాలియైనను తొందరపాటు మనిషియే. పాత పంపు తీసిన చోట అంటుకొన్న గాస్కెటు ముక్కలను గీకి, లోహమును గాయపరుపక శుభ్రము చేయుట ఓపిక పని. క్రొత్త పంపు కారుటకు సగము కారణములు ఇక్కడనే పుట్టును. పిమ్మట పంపు, రాట, బెల్టు. బిగువు ఎక్కువైనచో బేరింగు అరచును. తక్కువైనచో పళ్లు దాటును.

అప్పుడు స్టార్టరు ముట్టరాదు. పానాతో క్రాంకును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పవలెను. ఎక్కడనైన తగిలినట్లున్నచో బలముచేయక ఆగవలెను. మెల్లగ త్రిప్పినచో తగులుట చేతికి తెలియును, స్టార్టరు బలమునకు వాల్వు వంగును. రెండు చుట్లకు క్యాము ఒక చుట్టు తిరిగి, గుర్తులన్నియు మరల తమ గీతలకు ఎదురుగ వచ్చి నిలిచినచో లెక్క కుదిరినది. సిరిసిల్ల మగ్గపు మేస్త్రీ నాడెను వదలుటకు ముందు చేతితో చక్రము త్రిప్పి చూచుకొనుటయు ఇట్టిదే.

నీరు పోయునప్పుడు బోరునీరు పోయకుండుట మేలు. అందలి లవణములు కొళాయి మూతికి పట్టినట్లే రేడియేటరు గొట్టములలోను పట్టును. శుద్ధజలముతో కలిపిన కూలెంటు పోసి, ఇంజను నడపుచు, లోపల చిక్కిన గాలి బుడగలు వెడలిపోవు వరకు నీటిమట్టము చూచుకొనవలెను. మరునాడు ఉదయము, ఇంజను చల్లగ ఉన్నప్పుడు, మరల చూడవలెను.

ఇక మిగిలినది ఒక్క పని. చిన్న కాగితముపై బెల్టును పంపును మార్చిన తేదీ, నాటి మీటరు అంకె వ్రాసి, బానెటు లోపలివైపున అంటించి, పైన టేపు వేయవలెను. నాలుగవ చేతికి పోయినను ఆ బండితోపాటు ఆ కాగితము పోవును.